నూట నాలుగు: ఆరో తరగతి పిల్లలతో ఒక సంవత్సరం

నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయురాలిని. కాపురం తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో. చంద్రగిరి మీదుగా పూతలపట్టు వైపు వెళ్ళే బస్సులో రోజూ ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరుతుంటాను. 2023 జూన్‌లో బదిలీపై ఆ బడిలో చేరినప్పుడు ప్రధానోపాధ్యాయులు నాకు ఆరో తరగతి అప్పగించారు. అంతకుముందు పదకొండేళ్ళపాటు ఎక్కువగా తొమ్మిది, పది తరగతులకే పాఠాలు చెప్పినదాన్ని కావడం వల్ల, ఆరో తరగతి గణితం చెప్పడానికి పెద్దగా సిద్ధం కావలసిన పని ఉండదని అనుకున్నాను. ఆ అభిప్రాయం మొదటి వారంలోనే మారిపోయింది. ఆ సంవత్సరం ఏం జరిగిందో, అందులో నేను చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ఆరో తరగతి పుస్తకం పెద్ద సంఖ్యలతో మొదలవుతుంది. లక్షలు, కోట్లు చదవడం, రాయడం, పోల్చడం అందులో ఉంటాయి. స్థానవిలువల పట్టిక బోర్డు మీద గీయడానికి ముందు, పిల్లలకు ఎంతవరకు వచ్చో చూద్దామని పది సంఖ్యలు చెప్పి రాయమన్నాను. వాటిలో ఒకటి నూట నాలుగు. తరగతిలోని 34 మందిలో 13 మంది 1004 అని రాశారు. మొదట నాకు కోపమే వచ్చింది. ఆ తరువాత ఆ పుస్తకాలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి చూసుకుంటే, ఆ 13 మందీ ఒకే విధంగా ఆలోచించారని అర్థమైంది. ‘నూట’ అని చెవికి వినిపిస్తే వంద రాశారు. ‘నాలుగు’ అని వినిపిస్తే దాని పక్కన నాలుగు రాశారు. విన్నది విన్నట్టు నిజాయితీగా రాశారు. సంఖ్యలో ఒక్కో అంకెకు ఒక్కో చోటు ఉంటుందని, ఆ చోటును బట్టే దాని విలువ ఉంటుందని మాత్రం వాళ్ళకు తెలియదు. అది తెలియని పిల్లలకు నేను ఆ మరునాడు కోట్ల గురించి చెప్పబోతున్నాను.

ఎక్కడ దెబ్బతిన్నదో లెక్క వేస్తే కారణం దొరకడం కష్టం కాలేదు. 2023 జూన్‌లో ఆరో తరగతిలో ఉన్నవాళ్ళు 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు రెండో తరగతిలో ఉన్నారు. వందల సంఖ్యలు, అప్పుతో తీసివేత, ఎక్కాల అర్థం, ఒత్తులతో కూడిన మాటలు ధారాళంగా చదవడం, ఇవన్నీ కుదురుకోవలసిన మూడో తరగతిలో ఎక్కువ కాలం వాళ్ళు ఇంటి దగ్గరే గడిపారు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదవడం, రాయడం, లెక్కించడం నేర్చుకోవాలని 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యంగా పెట్టుకున్నది కూడా ఈ వయసు విలువ తెలిసే. మా పిల్లలు ఆ వయసు దాటి వచ్చేశారు. తరగతి పెరిగింది, పుస్తకం లావైంది, అడుగున ఖాళీ మాత్రం అలాగే ఉండిపోయింది.

పాఠం ఆపి, పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టుకుని చూడాలని నిర్ణయించుకున్నాను. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి వాడుతున్న పద్ధతి నాకు తెలుసు. అందులో అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అనే క్రమంలో చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తించడం దగ్గర మొదలుపెట్టి, రెండంకెల తీసివేత మీదుగా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం వరకు వెళతారు. ఆ తీరులోనే కాగితాలు రాసుకుని, వరండా చివర కానుగ చెట్టు నీడలో రెండు కుర్చీలు వేసి, ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున చూశాను. అందరినీ చూడడానికి తొమ్మిది పనిదినాలు పట్టింది. కథ చదవగలిగినవారు 15 మంది, పేరా దగ్గర ఆగినవారు తొమ్మిది మంది, మాటల దగ్గర ఆగినవారు ఏడుగురు, ఒత్తులు, గుణింతాల దగ్గరే తడబడుతున్నవారు ముగ్గురు. రెండంకెల తీసివేత 14 మందికి వచ్చింది. భాగహారం ఆరుగురికే వచ్చింది.

ఈ అంకెలకంటె నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి ఒకటి ఆ చెట్టు కింద జరిగింది. ఒక అబ్బాయికి 52లోనుంచి 27 తీసివేయమని ఇచ్చాను. ఒకట్ల స్థానంలో రెండు చిన్నది, ఏడు పెద్దది కనుక, ఏడులోనుంచి రెండు తీసి, 35 అని రాశాడు. రాసి నా ముఖంలోకి చూశాడు. నా కనుబొమలు ముడిపడ్డాయేమో, వెంటనే చెరిపి 45 అని రాసి మళ్ళీ చూశాడు. అదీ చెరిపి 25 అని రాశాడు. నాకు తెలియకుండానే తల ఊపాను. వాడి ముఖం వికసించింది. “ఎట్లా చేశావు నాయనా?” అని అడిగాను. “మీరు తల ఊపినారు గదా మేడం” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఐదేళ్ళ చదువులో ఆ బిడ్డ నేర్చుకున్న గణితం టీచరు ముఖం చదవడమే. ఆ విద్యలో వాడు నిజంగా ఆరితేరాడు. జవాబు సరైనదో కాదో తేల్చుకునే ఆధారం వాడి పుస్తకంలో లేదు, వాడి బుర్రలో లేదు, నా కనుబొమల్లో ఉంది. అలాంటి బిడ్డను “ధైర్యంగా చెప్పు, భయపడవద్దు” అని ఎంత ప్రోత్సహించినా ఏం లాభం? తాను చేసినది సరైనదని తనంతట తాను తెలుసుకునే మార్గం లేనివాడికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఆనాటి నుంచి నాకు ఒక్కటే పని అనిపించింది. ఏ లెక్క నేర్పినా, దాన్ని సరిచూసుకునే దారి కూడా పిల్లల చేతికే ఇవ్వాలి. వాళ్ళు రాస్తున్నంతసేపూ నా ముఖంలో ఏమీ కనిపించకూడదు. ఇందులో రెండోది నాకు చాలా కష్టమైంది. కొన్ని వారాలపాటు, పిల్లలు లెక్క చేస్తుంటే నేను కిటికీలోనుంచి బయటి చెరకు తోట వైపు చూస్తూ నిలబడేదాన్ని.

ఇక నా పొరపాటు. పరీక్ష ఫలితాలను బట్టి పిల్లలను మూడు గుంపులుగా విడదీసి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టాను. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు కొంతకాలం పనిచేసిన ఒక ప్రైవేటు విద్యాసంస్థలో మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి ఉండేది; అది పిల్లలకు ఎంత బాధ కలిగిస్తుందో కళ్ళారా చూశాను. అయినా నా చేతిమీదుగా అదే పని చేశాను. వారం తిరగకముందే ఒక అమ్మాయి బడికి రావడం మానేసింది. అది తోతాపురి మామిడి కాలం. వాళ్ళ అమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళుతోంది, చిన్న తమ్ముడు ఉన్నాడు, వాడిని చూసుకోవడానికి ఆగిపోయి ఉంటుందని అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళితే, ఆ అమ్మాయి గడపలో కూర్చుని తల వంచుకుని, “నేను సీ గ్రూపంట గదా మేడం” అని మాత్రం అన్నది. తమ్ముడిని అవ్వ చూసుకుంటోంది. నేను ఆ పిల్లకు, వాళ్ళ అవ్వకు కూడా అది నా తప్పేనని చెప్పి వచ్చాను. మరునాడు ఆ పేర్లు తీసేశాను.

పేర్లు తీసేసినంత మాత్రాన సరిపోదు, ఎవరి చోటు నుంచి వాళ్ళను నడిపించే ఏర్పాటు ఉండాలి. చాలా ఏళ్ళ కిందట ఒక శిక్షణలో భాగంగా మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీకి వెళ్ళి, అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం నడిపే చిన్న బడిని చూసిన జ్ఞాపకం నాకు అప్పుడు అక్కరకు వచ్చింది. పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన ఆ పద్ధతిలో ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు కూర్చుంటారు. చదువంతా చిన్నచిన్న మెట్లుగా విభజించిన నిచ్చెన ఒకటి గోడ మీద ఉంటుంది. బిడ్డ తన మెట్టు ఏదో తానే చూసుకుని, దానికి సంబంధించిన కార్డు తీసుకుని పని చేసుకుంటుంది. తమిళనాడులో చెన్నై నగరపాలక బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకు కూడా స్ఫూర్తి అక్కడిదే. ఆనాడు ఆ బడిలో ఒక చిన్న పిల్ల తన కార్డు తానే వెతుక్కుని తీసుకుని చాప మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నేను అంత పెద్ద ఏర్పాటు చేయలేను. అందుకని స్థానవిలువ నుంచి భాగహారం దాకా 24 మెట్లు రాసి, ఆ కాగితాన్ని ప్రతి బిడ్డ నోటుపుస్తకం చివరి అట్టకు లోపలివైపు అంటించాను. గోడ మీద పెట్టలేదు. ఎవరి మెట్టు వాళ్ళకూ నాకూ తెలిస్తే చాలు. మెట్టు ఎక్కినట్టు గీత గీసేది బిడ్డే. అలా గీయడానికి ముందు అదే రకం లెక్క మరొకటి చేసి, తానే సరిచూసి చూపాలి.

సమయం ఎక్కడిది అని తోటి ఉపాధ్యాయులు అడిగారు. పీరియడ్‌లో మొదటి 20 నిమిషాలు, మధ్యాహ్న భోజనం తరువాత మరో 20 నిమిషాలు దీనికి కేటాయించాను. ప్రధానోపాధ్యాయులు అనుమతి ఇచ్చారు. ‘సిలబస్ వెనుకబడితే సమాధానం మీరే చెప్పుకోవాలి’ అని కూడా అన్నారు. అది న్యాయమే.

మొదలు స్థానవిలువే. వాళ్ళ ఇళ్ళలో అరిగిపోయిన చీపుర్లు తెమ్మన్నాను. మా వైపు చీపురును పొరక అంటాం. పొరకపుల్లలను ఒకే పొడవున విరిచి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్ట చేశాం; పది కట్టలను పురికొసతో కట్టి మోపు చేశాం. పుల్ల, కట్ట, మోపు. కట్టెలు, గడ్డి మోసే ఇళ్ళ పిల్లలు కనుక ఆ మాటలు ఎవరికీ వివరించవలసిన అవసరం రాలేదు. నూట నాలుగు చూపించమంటే ఒక మోపు, నాలుగు పుల్లలు తీసి బల్ల మీద పెట్టారు. “కట్టలు ఎన్ని?” అంటే లేవన్నారు. “మరి ఆ చోట ఏం రాయాలి?” అంటే సగం మంది ఏమీ రాయనక్కర లేదన్నారు. అప్పుడు ఒకరు 14 అని బోర్డు మీద రాసి, తామే చూసుకుని, అది ఒక కట్ట, నాలుగు పుల్లలు అవుతుందే అని గొడవ మొదలుపెట్టారు. సున్న వేయాలని ముందు బెంచీలోని పిల్లలు తేల్చారు. ఎందుకు వేయాలో చెప్పమన్నాను. వెనక బెంచీలోనుంచి, చెట్టు కింద నా ముఖం చదివిన ఆ అబ్బాయే, “బస్సులో సీటు మీద తువ్వాలు వేస్తారు గదా మేడం, అట్లా. మనిషి లేకపోయినా సీటు పోదు” అన్నాడు. పదకొండేళ్ళలో నేను స్థానవిలువను ఇంత చక్కగా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మా తరగతిలో సున్న పేరు తువ్వాలు.

తీసివేత దగ్గర ఇంకొక ఇబ్బంది ఎదురైంది. మనమందరం ‘పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తీసుకో’ అని చెప్పే పాఠమే నేను కూడా చెప్పాను. ఒక అమ్మాయి లేచి, “ఆ అప్పు మళ్ళా ఎప్పుడు కడతాం మేడం?” అని అడిగింది. పిల్లలెవరూ నవ్వలేదు. అప్పు అంటే ఏమిటో, తీర్చకపోతే ఇంటికి ఎవరు వస్తారో ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు తెలుసు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అక్కడ నిజంగా అప్పు ఏమీ లేదు. ఒకటి తీసుకుంటే అది పది ఎలా అవుతుందో కూడా ఆ మాట చెప్పదు. అంతటితో అప్పు అనే మాట వదిలేసి, ‘కట్ట విప్పడం’ అనసాగాం. 52 అంటే ఐదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పితే పన్నెండు పుల్లలవుతాయి, కట్టలు నాలుగు మిగులుతాయి. ఏడు పుల్లలు, రెండు కట్టలు ఇచ్చేస్తే మిగిలినవి రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇచ్చినవాటిని మళ్ళీ తెచ్చి కలిపితే 52 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పింది. ఆ సరిచూసుకోవడం పిల్లలకు ఒక ఆటలా పట్టుబడింది.

మూడు రోజుల్లో అందరికీ వచ్చేసిందని తొందరపడి పుల్లలు పక్కన పెట్టించి అంకెలతో చేయమన్నాను. మళ్ళీ 35లు ప్రత్యక్షమయ్యాయి. పుల్లలకూ అంకెలకూ మధ్య ఒక వంతెన కావాలని అప్పుడు తెలిసింది. కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క, మోపుకు చదరం అని బొమ్మ గీసి చేయడం మరో పది రోజులు సాగించాను. కొందరు రెండు రోజులకే బొమ్మలు మానేశారు. కొందరు దసరా సెలవుల దాకా గీస్తూనే ఉన్నారు. వాళ్ళను మాన్పించడానికి నేను ప్రయత్నించలేదు. పుల్లలు కావాలని అడిగేవాళ్ళను చిన్న పిల్లల్లా చూడకూడదన్నది తరగతిలో నేను పెట్టిన ఒకే ఒక్క కఠినమైన నియమం.

మానేసి తిరిగి వచ్చిన అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె ఇంట్లో తమిళం మాట్లాడతారు. మా జిల్లా సరిహద్దు మండలాల్లో ఇది మామూలే. లెక్క చేసేటప్పుడు ఆమె పెదవులు కదులుతుండేవి. దగ్గరికి వెళ్ళి వింటే, ఏళు, ఎట్టు, ఒన్బదు, పత్తు అని తమిళంలో లెక్కపెట్టుకుంటోంది. నన్ను చూడగానే ఆపేసేది. చిన్న తరగతుల్లో ఎవరో అలా లెక్కించవద్దని మందలించారట. తమిళంలోనే పైకి లెక్కపెట్టమన్నాను. తొంభై దాటిన సంఖ్యలు రాసేటప్పుడు మాత్రం ఆమె చేయి ఆగిపోయేది. తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు. ఆ మాటలో నూరు వినిపిస్తుంది. ఆ తికమక పిల్ల బుద్ధిలో లేదు, మాటలోనే ఉంది. తొమ్మిది కట్టలు పెట్టి, ఇంకా మోపు కాలేదని చూపించాక ఆ తడబాటు పోయింది. ఇంగ్లీషులో కూడా ఇలాంటిది ఒకటి ఉంది. పదమూడు అని మనం ముందు పది, తరువాత మూడు చెబుతాం. థర్టీన్ అనే మాటలో మూడు ముందు వినిపిస్తుంది. పిల్లలు 31 అని రాయడానికి కారణం చాలాసార్లు ఇదే. సంఖ్యల పేర్లు ఏ భాషలో ఎలా ఉన్నాయో చిన్న తరగతుల ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆగస్టులో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ముఖం చదివే అబ్బాయి తల్లి వచ్చి, “వానికి లెక్కలు రావు మేడం, మా ఇండ్లలోనే లెక్కలు లేవు, ఏదో పది దాకా చదివితే చాలు” అన్నది. పక్కనే నిలబడిన కొడుకు వింటూ నేల చూస్తున్నాడు. మాటల్లో మాటగా వాళ్ళకు రెండు ఆవులున్నాయని, పాల కేంద్రంలో పాలు పోసి వచ్చేది వాడేనని తెలిసింది. “డబ్బుల లెక్క ఎవరు చూస్తారమ్మా?” అని అడిగితే, “వాడే మేడం, నాకు చదువు రాదు గదా” అన్నది. మరునాడు పాలకార్డు తెమ్మన్నాను. ఒక పూట నాలుగున్నర లీటర్లు, వెన్న శాతాన్ని బట్టి లీటరుకు 36 రూపాయలు పడింది. ఎంత రావాలన్నాను. వాడు గాలిలోకి చూసి, “నాలుగు లీటర్లకు నూట నలభై నాలుగు, అరలీటరుకు పద్దెనిమిది, నూట అరవై రెండు” అన్నాడు. నా వైపు చూడలేదు. ఆ లెక్కలో వాడికి నా కనుబొమల అవసరం లేదు. 36ను నాలుగుతో ఎలా హెచ్చించావంటే, నాలుగు ముప్పైలు నూట ఇరవై, నాలుగు ఆర్లు ఇరవై నాలుగు అని విడదీసి చెప్పాడు. “ఇది కాగితం మీద రాయి” అన్నాను. వాడు చెప్పినదాన్నే, వాడు చెప్పిన వరుసలోనే రాయించాను. అదే పుస్తకంలోని గుణకారం. వాడికి లెక్కలు రావని ఐదేళ్ళకు పైగా అందరం కలిసి వాడిని నమ్మించాం. తరువాతి సమావేశానికి ఆ తల్లి వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి, ఇది మీవాడి లెక్కేనమ్మా అని చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్ళింది.

ఎక్కాల గురించి నా అభిప్రాయం ఒక్క మాటలో చెబుతాను. నోటికి రావాలి, సందేహం లేదు. కాని ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వచ్చే బిడ్డ, మధ్యలో ఒక మెట్టు జారితే మళ్ళీ మొదటికి వెళుతుంది. ఏడైదులు ముప్పై ఐదు అని తెలిసినప్పుడు, దానికి మరో మూడు ఏడులు కలిపి 56 తెచ్చుకోవడం కూడా నేర్పితే, మరిచిపోయినా దారి తప్పదు.

మాటల్లో ఇచ్చే లెక్కల్లో చిక్కు గణితానిది కాదు, చదవడానిది. ‘భేదం’, ‘శేషం’, ‘లబ్ధం’ వంటి మాటలు చూసి పిల్లలు ఆగిపోయేవారు. మా పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషు ఉంటాయి. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కనుక చాలామంది తెలుగు పుట తెరిచేవారే కాదు. మేము ముందు తెలుగు పుట చదివి, అంకెలు తీసేసి ఆ లెక్కను కథలా చెప్పడం అలవాటు చేశాం. ఒక రైతు దగ్గర కొన్ని కొబ్బరికాయలున్నాయి, కొన్ని సంతలో అమ్మాడు, ఇంటికి ఎన్ని తెచ్చాడు. కథ తెలిసిన తరువాత ఏం చేయాలో ఎవరూ నన్ను అడగలేదు. ఆ తరువాత ఇంగ్లీషు పుట చదివితే ఆ మాటలు అతుక్కున్నాయి. ఒత్తుల దగ్గర ఆగిన ముగ్గురినీ మా తెలుగు ఉపాధ్యాయురాలు సాయంత్రం అరగంట కూర్చోబెట్టుకునేవారు. ఆమె సాయం లేకపోతే ఈ పని సగంలోనే నిలిచిపోయేది.

సెప్టెంబరులో హాజరు బాగా తగ్గింది. వినాయక చవితితో కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలై 21 రోజులు జరుగుతాయి. చుట్టుపక్కల పల్లెల్లో చాలా కుటుంబాలకు అక్కడ అంగళ్ళో, చుట్టాల రాకపోకలో ఉంటాయి. ఆ వెంటనే దసరా సెలవులు. తిరిగి వచ్చాక చాలామంది నాలుగైదు మెట్లు కిందికి జారారు. నాకు నిరాశ కలిగింది. పిల్లలు మాత్రం చివరి అట్ట తిప్పి చూసుకుని, గీసిన గీతలను చూసి, ఇవి ఒకప్పుడు వచ్చినవే కదా అనుకున్నారు. మొదట్లో మూడు వారాలు పట్టినవి నవంబరులో వారంలో తిరిగి వచ్చాయి.

అప్పటికే ఇంకొక అలవాటు మొదలుపెట్టి ఉన్నాను. రోజూ ఒక తప్పు జవాబును, పేరు చెప్పకుండా, బోర్డు మీద రాసి, ‘ఇది రాసినవాళ్ళు ఎట్లా ఆలోచించి ఉంటారు?’ అని అడిగేదాన్ని. తప్పు దిద్దమని అడగడం లేదు, ఆలోచన కనిపెట్టమంటున్నాను. నవంబరులో ఒక రోజు 503లోనుంచి 178 తీసివేస్తే 475 వచ్చిందని రాశాను. ఐదులో ఒకటి తీశారు, ఏడులో సున్న తీశారు, ఎనిమిదిలో మూడు తీశారు అని పిల్లలు పట్టుకున్నారు. ఎందుకలా తీశారని చర్చ జరుగుతుండగా, మామిడి కాలంలో బడి మానేసిన అమ్మాయి లేచి నిలబడి, “అది నాది మేడం. కట్టలే లేవు గదా, ఏం విప్పాలో తెలియలేదు. అందుకని పెద్దదాంట్లో చిన్నది తీసేస్తిని” అన్నది. తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంది. ఆ తరువాత ముందు బెంచీ అబ్బాయి ఒకడు, “కట్టలు లేకపోతే మోపు విప్పు” అన్నాడు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక చదరం కొట్టేసి, పది నిలువు గీతలు గీసింది. అందులో ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టింది. నాలుగు మోపులు, తొమ్మిది కట్టలు, 13 పుల్లలు. 325 అని రాసి, కింద 178 కలిపి 503 తెచ్చి, సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది. ఆ మొత్తం సమయంలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా ముఖం చూడలేదు. నేను శభాష్ అనలేదు. ఆమెకు ఆ మాట అవసరం లేదనిపించింది.

ఇందుకోసం నేను చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. అర్ధసంవత్సర పరీక్ష నాటికి పుస్తకంలో రెండు అధ్యాయాలు వెనుకబడి ఉన్నాను. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు అది రాసి వెళ్ళారు. సంక్రాంతి తరువాత భిన్నాలు, దశాంశాలు నేను అనుకున్నదానికంటె త్వరగా సాగాయి, ఎందుకంటే పుల్లను పది ముక్కలు చేయడం వాళ్ళకు కట్ట విప్పడంలాగే తోచింది. జ్యామితిని మాత్రం హడావిడిగా ముగించాను. అందుకు ఆ పిల్లలకు నేను బాకీ ఉన్నాను. ఏడో తరగతిలో మొదటి నెల దానికే ఇచ్చాను.

2024 ఏప్రిల్‌లో మళ్ళీ అదే కానుగ చెట్టు కింద కుర్చీలు వేసి అందరినీ చూశాను. తీసివేత 29 మందికి వచ్చింది, భాగహారం 19 మందికి వచ్చింది. కథ చదవలేనివారు ఆరుగురు మిగిలారు. పాలు పోసే అబ్బాయి పుస్తకం నా వైపు తిప్పకుండా, తనే కలిపి సరిచూసుకుని, “అయింది మేడం” అని లేచి వెళ్ళాడు.

భాగహారం రానివారిలో పదిమంది తప్పు ఒకే చోట ఉంది. 612ను ఆరుతో భాగిస్తే 12 అని రాశారు. ఆరులో ఆరు ఒకసారి పోయింది, ఒకటిలో ఆరు పోదు, దాన్ని దించుకుని పన్నెండు చేసి రెండుసార్లు అన్నారు. ఆరు మోపులను ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి ఒక మోపు వచ్చి తీరాలి, 12లో మోపు ఎక్కడుందని అడిగాను. వాళ్ళు చాలాసేపు ఆ జవాబునే చూశారు. చివరికి వాళ్ళలో ఒక పిల్ల ఒకటికీ రెండుకూ మధ్య వేలు పెట్టి, “ఇక్కడ తువ్వాలు వేయలేదు మేడం” అన్నది. ఏడో తరగతిలో ప్రార్థనకు ముందు 20 నిమిషాలు ఆ పదిమందితో అక్కడి నుంచే మొదలుపెట్టాం.